అరికాలు చూసేవాళ్ళు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది మార్చి మొదటివారంలో నన్ను నూజివీడు చుట్టుపక్కల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళ చిల్లర ఉంది. నా హోదా డెప్యూటీ పారామెడికల్ ఆఫీసర్. పేరులో ఆఫీసర్ ఉంది కదా అని కుర్చీ, బల్ల, పైన ఫ్యాను ఊహించుకోకండి. కుష్టు వ్యాధి కార్యక్రమంలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం అది. మచ్చ కనిపెట్టడం, నరం తడిమి చూడటం, చేతుల్లో కాళ్ళలో స్పర్శ ఎంత ఉందో బలం ఎంత ఉందో పరీక్షించి ఫారం మీద రాయడం, అనుమానం ఉన్న మనిషిని మెడికల్ ఆఫీసరు దగ్గరికి పంపడం, మందు మొదలయ్యాక అది పూర్తయ్యేదాకా వెంటపడటం. రోగం ఇదీ అని తేల్చడం, మందు రాయడం డాక్టరు పని. చెప్పులు అరగదీసుకోవడం మా పని.

ఈ జబ్బును జనం చర్మం జబ్బు అనుకుంటారు. చర్మం మీద కనబడేది మచ్చే కానీ, అసలు దెబ్బ నరానికి. మోచెయ్యి ఎక్కడైనా తగిలితే చిటికెన వేలిదాకా ఝల్లుమంటుంది చూడండి, ఆ నరం ఈ జబ్బుకు చాలా ఇష్టం. చీలమండ లోపలివైపు నుంచి అరికాలికి వెళ్ళే నరం ఇంకొకటి. అవి వాచిపోతే ముందు స్పర్శ పోతుంది, తర్వాత బలం పోతుంది. వేళ్ళు ఊడిపోతాయన్నది ఉత్తమాట. కాలినా, గుచ్చుకున్నా నొప్పి తెలియదు కాబట్టి మనిషి పట్టించుకోడు. పుండు పడి, అది ఎముకదాకా పోయి, వేళ్ళు కురచ అవుతాయి. నొప్పి లేకపోవడమే ఇందులో అసలు ప్రమాదం.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ట్రైనింగులో చెప్పరు, సీనియర్లు చెబుతారు. పేషెంటు ఇంటి ముందు బండి ఆపకూడదు. వీధి చివర ఏ బడ్డీకొట్టు దగ్గరో ఆపి నడిచి వెళ్ళాలి. ‘మచ్చల డాక్టరు’ బండి గుమ్మం ముందు ఆగిందంటే ఆ ఇంటి సంబంధం ఒకటి తప్పిపోయినట్టే. బజార్లో పేషెంటు ఎదురైతే మనం పలకరించకూడదు. అతను పలకరిస్తే సరే. పలకరించడు. ముప్ఫై ఏళ్ళపైన తిరిగాను. వందలమంది చేతులు నా చేతుల్లోకి తీసుకుని చూశాను. వాళ్ళలో ఒక్కరి ఇంటి పెళ్ళికి కూడా నన్ను పిలవలేదు. వాళ్ళను తప్పుపట్టను గానీ, బాధ లేదంటే మాత్రం అబద్ధం.

మా ఆవిడ పోయి అప్పటికి ఏడాదిన్నర. మాకు పిల్లలు లేరు. నూజివీడు బజారు వెనక ఒక మేడగది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళది కిరాణా వ్యాపారం, మర్యాదస్తులు. ఏం ఉద్యోగమండీ అని అడిగితే ‘హెల్త్ డిపార్ట్‌మెంట్’ అని ఊరుకున్నాను. అంతకుమించి చెబితే గది దొరకదని అనుభవం మీద తెలుసు. వంట ఒక్కడికి ఏం చేసుకుంటాంలే అని హోటలు పార్సిలుతో సరిపెట్టుకునేవాణ్ణి. వారానికి రెండు మూడు రోజులు, ఆఫీసులో మాట్లాడిన మాటలు తప్ప ఇంకో మాట నా నోటినుంచి వచ్చేది కాదు.

నేను వెళ్ళేసరికి మామిడి సీజను మొదలవుతోంది. ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతంలో మనుషులందరూ తోటల్లోనే ఉంటారు. అందుకని ఇంటింటి సర్వే కాస్తా తోటతోట సర్వే అయింది. పొడుగు కర్రకు వలసంచి కట్టి కాయ కోస్తారు, దాన్ని చిక్కం అంటారు. తొడిమ తెగగానే జివ్వున చిమ్మే పాలు సొన. అది పడినచోట చర్మం కాలి, పొక్కి, పెచ్చు కడుతుంది. పెచ్చు రాలాక కొన్నాళ్ళు అక్కడ తెల్లబారి ఉంటుంది. బంగినపల్లి, రసాలు, ఏ తోటకు వెళ్ళినా చూపించిన ప్రతి చేతిమీదా సొన మచ్చలే. మచ్చలు వెతికేవాడికి ఇంతకంటే తలనొప్పి ఉండదు. మొదటి వారం ప్రతి మచ్చమీదా బాల్‌పెన్ను మొనతో తాకి పరీక్షించాను. రెండోవారానికి విసుగొచ్చింది. మూడోవారానికి నా కంటికి అన్నీ సొన మచ్చలే అయిపోయాయి.

ముసునూరు దాటాక రోడ్డుకు లోపలగా ఒక పెద్ద తోట ఉంది. దానికి గంగరాజు అని కాపలాదారు. నలభై ఏళ్ళ మనిషి, పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడు. సీజనులో కోత, మిగతా రోజుల్లో కాపలా, ఏడాది పొడుగునా ఆ పాకలోనే ఒక్కడూ ఉండేవాడు. నేనూ ఆశా కార్యకర్తా వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ రోజుకు అది మాకు ఆరో తోట. కూలీలందరివీ చూశాక అతను అందరికంటే ఆఖర్న వచ్చి, కాస్త ఎడంగా నిలబడి చేతులు చాపాడు. ఎడమ ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది.

“ఏంటిది?” అని అడిగాను. అడిగి, జవాబు కూడా నేనే అందించాను. “సొనేనా?”

“సొనేనండీ,” అన్నాడు, ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

ఫారంలో ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. దాహమేస్తోందంటే కుండలో నీళ్ళు ముంచి, పైనుంచి నా దోసిట్లో పోశాడు. గ్లాసు అక్కడే ఉన్నా ఇవ్వలేదు. ఎంత మర్యాద అనుకుని, మూతి తుడుచుకుని ఏడో తోటకు వెళ్ళాను. జేబులో పెన్ను జేబులోనే ఉంది. పరీక్షకు పట్టేది అర నిమిషం.

మళ్ళీ అతన్ని చూసింది ఆగస్టు రెండోవారంలో. చింతలపూడి రోడ్డులో ఒక పేషెంటుకు నెలవారీ మందు నా ఎదుట మింగించి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. బండి తోటగట్టున పెట్టి గంగరాజు పాకలోకి దూరాను. అతను మూడురాళ్ళ పొయ్యిమీద అన్నం వండుకుంటున్నాడు. రండి సార్, కూర్చోండి అని పీట వాల్చి, తను మాత్రం పొయ్యికి అవతలవైపు జరిగి కూర్చున్నాడు. తోట ఎలా ఉంది, కోతులు దిగుతున్నాయా అని ఏదో మాట్లాడుతున్నాను. ఇంతలో అన్నం ఉడికింది. గంగరాజు కుడిచేత్తో మసిగుడ్డ వేసి పట్టుకుని, ఎడమ అరచెయ్యి చిటికెన వేలివైపు అంచును ఉత్తదే గిన్నెకు ఆనించి, తొందర లేకుండా, దించి పక్కన పెట్టాడు. తర్వాత వేళ్ళు ఊదుకోలేదు. చెవి తమ్మె పట్టుకోలేదు.

మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి అతని ఎడమచెయ్యి పట్టుకున్నాను. లాక్కోబోయాడు, వదల్లేదు. సీజను పోయి రెండు నెలలు దాటింది, తోటల్లో అందరి చేతులూ ఎప్పుడో బాగుపడ్డాయి. ఇతని ముంజేతి మచ్చ మాత్రం ఏప్రిల్లో ఎక్కడుందో అక్కడే ఉంది.

కళ్ళు మూసుకో, నేను తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించు అన్నాను. ఇదే మా పరీక్ష. పెన్ను మొన చర్మం మీద ఆనీ ఆననట్టు ఆనించి తియ్యాలి, గుచ్చకూడదు. మచ్చమీద ఒక్కటి కూడా చూపించలేదు. చిటికెన వేలు, దాని పక్క వేలు, అరచెయ్యి అంచు, ఏదీ లేదు. అరికాళ్ళలో పదేసి చోట్ల తాకుతాం. ఎడమకాలు బాగానే ఉంది. కుడికాలిలో పదింట మూడే చెప్పాడు. చిటికెన వేలు పక్కకు చాచి పట్టమని నా వేలితో నెట్టితే గడ్డిపోచలా వంగిపోయింది. మోచెయ్యి వెనక నరం తాడులా ఉబ్బి ఉంది. దాన్ని నొక్కగానే మాత్రం ‘అబ్బా’ అన్నాడు. నాకు ఆ ‘అబ్బా’ ఎంతో ఊరటనిచ్చింది. నరం ఇంకా పూర్తిగా చావలేదన్నమాట.

“నీకు ముందే తెలుసు కదయ్యా?” అన్నాను.

పొయ్యిలో కట్టె వెనక్కి లాగాడు. “తెలుసండి. మా నాయనమ్మకి ఉండేదండి. గొడ్లపాకలో పడేశారు. కంచం దూరం నించి కర్రతో తోసేవాళ్ళు. తోసింది నేనేనండి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.”

అతనిది మైలవరం దగ్గర పల్లె. భార్య రవణమ్మ, తొమ్మిదో తరగతి చదివే కూతురు. రెండేళ్ళ కిందట స్నానం చేస్తూ మచ్చ చూసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ నెలలోనే ఇంత దూరాన ఈ కాపలా పని వెతుక్కుని వచ్చేశాడు. రెండు మూడు నెలలకోసారి వెళ్ళి, వాకిట్లోనే కూర్చుని, పాపను దూరం నుంచే చూసి, సంపాదించింది గడప మీద పెట్టి తిరుగు బస్సెక్కేవాడు. తన గ్లాసుతో నాకు నీళ్ళు ఇవ్వకపోవడం నేననుకున్నట్టు మర్యాద కోసం కాదని అప్పుడు తెలిసింది. నన్ను కాపాడుతున్నాననుకున్నాడు, పిచ్చివాడు.

చిటికెన వేలు ఎప్పటినుంచి మొరాయిస్తోందని అడిగాను. మా లెక్క అంతా దీనిమీదే ఉంటుంది. నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే వాపు తగ్గి, స్పర్శ, బలం తిరిగి రావడానికి మంచి అవకాశం ఉంది. అది దాటిన కొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. గంగరాజుకు తేదీలు తెలియవు. “పిందె కట్టేటప్పుడండి. కోతుల్ని తోలే కర్ర చేతిలో తిరిగిపోతుందేంటా అనుకున్నాను,” అన్నాడు. పిందె అంటే ఫిబ్రవరి ఆఖరు. ఆరు నెలలకు ఇంకా రెండు వారాలుంది. నేను ఏప్రిల్లో పెన్ను తీసి ఉంటే నాలుగు నెలలుండేది.

మర్నాడు అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మా మెడికల్ ఆఫీసరు చిన్నవయసు డాక్టరమ్మ, చాలా ఖచ్చితమైన మనిషి. అన్నీ చూసి, పాత సర్వే ఫారం తెప్పించి, ఇది నింపిందెవరు అని అడిగారు. నేనే మేడం అన్నాను. ఆవిడ నాకేసి ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా రాసుకున్నారు. నాలుగు చీవాట్లు పెట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

వైద్యం రెండు భాగాలు. క్రిములను చంపే మందు అట్టల్లో వస్తుంది, నెలకొక అట్ట, ఏడాదిపాటు. నరం వాపుకు స్టెరాయిడ్, రోజూ పొద్దున తిన్నాక వేసుకోవాలి. షుగరు, బీపీ చూసుకుంటూ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి, బాగుంది కదా అని టక్కున ఆపేస్తే కొంప మునుగుతుంది. ఇవి రెండూ డాక్టరు చేసేవి. మూడోది పేషెంటు చేసుకునేది, మేము నేర్పేది. రోజూ కాళ్ళూ చేతులూ మామూలు నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. గట్టిపడ్డ చర్మాన్ని గరుకురాయితో నెమ్మదిగా రుద్దాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. వేడిగిన్నె గుడ్డతోనే పట్టుకోవాలి. చెప్పులు లేకుండా అడుగు వేయకూడదు. లోపల మెత్తటి రబ్బరు వేసిన చెప్పులు మేమే ఇస్తాం, చూడటానికి అందరి చెప్పుల్లాగే ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యం, రోజూ సాయంత్రం అరికాళ్ళు చూడాలి. నొప్పి చెప్పాల్సిన కబురు కళ్ళు చెప్పాలి. ఇంట్లోవాళ్ళెవరైనా చూస్తే మంచిది. ఎవరూ లేనివాళ్ళు అద్దం పెట్టుకుని చూసుకోవాలి.

మందు మొదలైంది కాబట్టి ఇక నీనుంచి ఎవరికీ అంటదు, ఇంటికి పో అని గంగరాజుకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇంటివాళ్ళను కూడా ఓసారి పరీక్ష చేయాలి, వాళ్ళకు ముందుజాగ్రత్త మందు ఒక మోతాదు ఇస్తారు అని కూడా చెప్పాను. దేనికీ ఒప్పుకోలేదు. “మందు అయిపోనివ్వండి సార్, చూద్దాం,” అనేవాడు. అతను ఒప్పుకోకుండా నేను ఇంటివాళ్ళకు చెప్పడానికి రూలు ఒప్పుకోదు. చివరికి బజార్లో ఒక గుండ్రటి అద్దం తెచ్చి అతని చేతిలో పెట్టాను. అద్దం ఇచ్చేశాను, నా పని అయిపోయిందనుకున్నాను.

ఆరోవారం మందులివ్వడానికి వెళ్ళాను. పాక ముందు వానకు నానిన నేలమీద, చెప్పులు విడిచిన చోటినుంచి గుమ్మందాకా అతని అడుగులు పడి ఉన్నాయి. కుడి అడుగుల్లో నడిమధ్య ఎర్రగా ఉంది. లోపలికి వెళ్ళి కాలెత్తమన్నాను. చెప్పు సందులోంచి దూరిన తుమ్మముల్లు అరికాలిలోనే విరిగి ఉంది. చుట్టూ చీము. ముల్లు దిగి రెండు మూడు రోజులు అయి ఉంటుంది. వాచిన కాలితో తోటంతా తిరుగుతూనే ఉన్నాడు. స్టెరాయిడ్ వాడే మనిషికి పుండు తొందరగా మానదు. ఎముకకు పాకితే కాలే పోవచ్చు. నేను ఇచ్చిన అద్దం మాత్రం గుంజకు మేకు కొట్టి వేలాడదీసి ఉంది, పక్కనే దువ్వెన.

నేను కాస్త ముక్కోపిని. ఆ రోజు నోటికొచ్చినట్టు అరిచాను. “అద్దం ఇచ్చింది క్రాపు దువ్వుకోవడానికా? నీకేమైనా బుద్ధి ఉందా? ఈ కాలు పోతే ఎవడు తెచ్చిస్తాడు నీకు?”

అంతా విని, నెమ్మదిగా అన్నాడు. “మొదట్లో చూసుకున్నానండీ. తర్వాత మానేశాను. రోజూ పొద్దుగూకేవేళ అద్దంలో అరికాలు చూసుకుంటా కూర్చుంటే, నాకంటూ చూసేవాళ్ళు ఎవరూ లేరనేది రోజూ గుర్తుకొస్తుందండీ. ముల్లు దిగినా బాధ లేదు గానీ అది మాత్రం బాధేనండీ.”

ఒక్కడికి వండుకోవడం నేను ఎందుకు మానేశానో నాకు తెలుసు. కంచం ఒకటే పెట్టుకోవాలి, అందుకు. ఈ మనిషికి అద్దం ఇవ్వడం మందు చీటీ రాసినట్టు అనుకున్నాను. అది అతనికి రోజూ ఒక శిక్ష అయింది.

డాక్టరమ్మ ముల్లు తీసి, పుండు శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ పెట్టి, కాలు కింద పెట్టడానికి వీల్లేదన్నారు. దగ్గర మనిషి లేకపోతే ఈ కాలు దక్కించడం తన వల్ల కాదని అతని ముందే చెప్పేశారు. గంగరాజు ఫోను తీసి, ఇంటి నంబరు నొక్కి, నా చేతికిచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. ఇలాంటి మాట ఫోనులో చెప్పేది కాదు. అమ్మా, మీ ఆయనకు కాలు బాగాలేదు, ఒకసారి రండి అని మాత్రం అన్నాను. అవతల నుంచి “ఆ” అని ఒక్కటే మాట, ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే దిగింది రవణమ్మ. కొంగు నడుముకు బిగించుకుని వచ్చింది. ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట, కాలికేమైందని కాదు.

“ఎవత్తండీ అది?”

నాకు అర్థం కాలేదు. రెండేళ్ళుగా ఇంటికి రాని మొగుడు, వచ్చినా గడప దాటని మొగుడు. ఇక్కడెవత్తెనో ఉంచుకున్నాడని ఊరంతా అనేశారట, ఆవిడా నమ్మేసింది. నేను గంగరాజు కేసి చూశాను. నోరు విప్పాల్సింది అతనే. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాడు. “నాయనమ్మ జబ్బే రవణా,” అన్నాడు.

ఆవిడ మచ్చను చూసింది, అతన్ని చూసింది. ఉన్నచోటే నేలమీద చతికిలబడింది. “ఓరి దేవుడో! దీనికా? దీనికా రెండేళ్ళు నన్ను ఊళ్ళో తలెత్తుకోకుండా చేశావు? నోరు లేదా నీకు? ఇదయ్యా సంగతి అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా?” అని నేలను అరచేత్తో బాదుతూ ఏడ్చింది. ఏడుస్తూనే నన్నడిగింది. “ముట్టుకోవచ్చా అండీ?” ముట్టుకోవచ్చమ్మా, మందు వేసుకుంటున్నాడు, ఏం కాదు అని నేను చెబుతూ ఉండగానే అతని కాలెత్తి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వెలుతురుకు తిప్పి, కట్టు పక్కనుంచి అరికాలంతా వేలితో తడుముతూ చూసింది. గంగరాజు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ వేలు ఎక్కడెక్కడ తగులుతోందో అతనికి ఎంతవరకు తెలిసిందో నాకు తెలియదు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

పాపను కూడా రప్పించి తల్లీకూతుళ్ళను పరీక్షించాం, ఇద్దరికీ ఏమీ లేదు. నానబెట్టడం, రుద్దడం, చూడటం అన్నీ రవణమ్మ నాకంటే బాగా నేర్చుకుంది. స్పర్శ పరీక్ష కూడా నేర్పమని అడిగి నేర్చుకుంది. పుండు మూడు వారాలకు మానింది. గంగరాజు కాపలా పని వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. వాళ్ళ ఊరు వేరే ఆరోగ్య కేంద్రం కిందికి వస్తుంది. అందుకని మందుల కార్డు అక్కడికి పంపి, నా రిజిస్టరులో అతని పేరు ఎదురుగా ‘ట్రాన్స్‌ఫర్డ్ అవుట్’ అని రాశాను. సంతోషించాల్సిన రోజే. కానీ తర్వాత ముసునూరు వైపు వెళ్ళినప్పుడల్లా ఆ తోట గట్టున బండి నెమ్మదించేవాణ్ణి. పాకలో ఎవరూ ఉండేవారు కాదు.

అక్కడి మా సహోద్యోగి ద్వారా ఫలితం తెలిసింది. కుడి అరికాలిలో స్పర్శ చాలావరకు తిరిగి వచ్చింది. ఎడమ చిటికెన వేలు సగమే లేచింది, పక్కవేలు వంగే ఉంది. ఆ మిగతా సగం ఏప్రిల్లో నేను పెట్టిన టిక్కు ఖాతాలోది.

రిటైరయ్యాక కూడా నేను నూజివీడులోనే ఉండిపోయాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక. నాకు షుగరు పన్నెండేళ్ళుగా ఉంది. ఈమధ్య పాదాలు దూదిమీద నడిచినట్టు ఉంటున్నాయి. ఏం ఉంది, జీవితమంతా తిరిగిన కాళ్ళు కదా, తిమ్మిరి అనుకున్నాను. ఎప్పట్లాగే ప్రశ్న వేసుకున్నదీ నేనే, జవాబు చెప్పుకున్నదీ నేనే.

మొన్న మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర పండ్లబళ్ళ వరుసలో నడుస్తున్నాను. ఎదర గంగరాజు, రవణమ్మ కనిపించారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మొహం తిప్పుకుని రసాలు బేరం చేస్తున్నట్టు నిలబడి, వాళ్ళు దాటిపోయాక ముందుకు నడిచాను. పది అడుగులు వేశానో లేదో వెనకనుంచి బజారు దద్దరిల్లేలా కేక.

“సారూ! మచ్చల సారూ! ఆగండి!”

అందరూ తిరిగి చూశారు. గంగరాజు పరుగెత్తుకొచ్చాడు, చేతిలో ఒక చెప్పు. “మీదేనండీ. ఆ పండ్లబండి దగ్గర జారిపోయింది. మీరేంటి సార్, ఒంటిచెప్పుతో నడిచి వచ్చేస్తున్నారు?”

కిందికి చూసుకున్నాను. నా కుడికాలికి చెప్పు లేదు. మండుటెండలో కాలుతున్న తారురోడ్డు మీద నిలబడి ఉన్నాను, ఏమీ తెలియలేదు. తల కొట్టేసినట్టయింది.

మూసి ఉన్న ఒక కొట్టు మెట్లమీద నన్ను కూర్చోబెట్టారు. రవణమ్మ కాలెత్తి చూసి, “అయ్యో, ఇదిగో ఇక్కడ బొబ్బండీ. దీనికింద ఇంకో పాతది కూడా ఉంది,” అంది. గంగరాజు నా చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. వంగిన వేళ్ళున్న చేత్తో నా మడమ పట్టుకున్నాడు. “కళ్ళు మూసుకోండి సార్. తాకిన చోటల్లా చెప్పండి,” అన్నాడు. చుట్టూ జనం చూస్తున్నారు. కళ్ళు మూసుకున్నాను. తాకాడు, చెప్పాను. తాకాడేమో, తెలియలేదు. అతను పద్ధతి తప్పకుండా, తొందరపడకుండా చేశాడు, నేను ఏప్రిల్లో చేయని విధంగా.

“నాలుగు తప్పారండీ,” అన్నాడు. “ఇంట్లో అద్దం లేదాండీ?” అని అడిగాడు.

ఉంది అన్నాను. పెన్ను తిరిగి నా జేబులో పెట్టాడు.

నాది వేరే జబ్బు, షుగరు వల్ల వచ్చిన నరాల దెబ్బ. దీన్ని వెనక్కి తిప్పే మాత్ర లేదు. షుగరు అదుపులో పెట్టుకోవాలి, పాదం కాపాడుకోవాలి. డాక్టరును కలిశాను, మెత్తటి చెప్పులు వేసుకుంటున్నాను. ఒక పని మాత్రం రవణమ్మ పెట్టింది. రోజూ పొద్దున ఏడింటికి రెండు అరికాళ్ళూ ఫోనులో ఫోటో తీసి వాళ్ళకు పంపాలి. ఏడున్నర దాటితే ఫోనుచేసి తిడుతుంది. ఫోటో వెళ్ళిన కాసేపటికి గంగరాజు నుంచి ‘చూశాం సార్’ అని వస్తుంది. అంతకుమించి మేము పెద్దగా మాట్లాడుకునేది ఏమీ ఉండదు.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. పేషెంటు చర్మం చూసి ప్రశ్న అడిగినప్పుడు జవాబు మనం అందించకూడదు, కళ్ళు మూయించి తాకి చూడాలి. మొద్దుబారిన పాదం తనకేమైందో చెప్పలేదు. దాన్ని రోజూ చూడటానికి ఇంకో మనిషి కావాలి. సర్వీసులో ఉన్నప్పుడు నేను ఎవరూ లేనివాళ్ళకు అద్దం ఇచ్చి, సెల్ఫ్ కేర్ నేర్పడమైనది అని రాసేవాణ్ణి. ఇప్పుడైతే ముందు ఆ మనిషి కాలు ఎవరు చూస్తారో వాళ్ళ పేరు రాయించుకుంటాను. నా ఫారంలో ఆ గడిలో గంగరాజు పేరుంది.